వచ్చే జూన్ సంగతి రాసుకుని రండి

1999 ఏప్రిల్ 25న ఒక పెళ్లి జరిగింది. మర్నాడే రెండువైపుల పెద్దలకూ మాటామాటా పెరిగింది. తిట్టుకున్నారు, ఒకరి మీద ఒకరు చెప్పులు విసురుకున్నారు. 27వ తేదీకల్లా పెళ్లికొడుకు ఒకచోట, పెళ్లికూతురు ఒకచోట అయ్యారు. కాపురం చేసిందే లేదు. ఆ తరవాత పోలీసు కేసు, పిటిషన్లు, కింది కోర్టు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, చివరికి సుప్రీంకోర్టు. 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఆ ఇద్దరికీ విడాకులు ఇచ్చి, భర్త ఆమెకు 15 లక్షల రూపాయలు మూడు విడతల్లో ఇవ్వాలని చెప్పింది. మూడు రోజుల పెళ్లికి దాదాపు పద్నాలుగేళ్ల వ్యాజ్యం.

ఆ తీర్పులోనే కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. భార్యాభర్తల తగాదాలను వీలైనంత మొదట్లోనే మీడియేషన్‌కి పంపండి, కేసు వేయకముందే వచ్చేవాళ్ల కోసం మీడియేషన్ సెంటర్లలో ఏర్పాటు చేయండి అని దేశంలోని కోర్టులకు ఆదేశాలిచ్చింది. మన నేల మీద చెప్పులు విసురుకున్న ఆ పెద్దల వల్ల దేశం మొత్తానికీ ఒక దారి ఏర్పడింది. ఈ రోజు విడాకుల కేసు వేస్తే మొదటి ఒకటి రెండు వాయిదాల్లోనే జడ్జిగారు "మీడియేషన్‌కి వెళ్లి రండి" అనడం మామూలైపోయింది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అనే చెబుతోంది.

నేను గుంటూరులో న్యాయవాదిని. మీడియేటర్‌గా 40 గంటల శిక్షణ తీసుకుని, కోర్టు పంపిన కేసుల్లో చాలా ఏళ్లుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. అక్కడ విన్నది బయట చెప్పకూడదు కాబట్టి, ఈ వ్యాసంలో కనబడే మనుషుల్లో ఎవరూ ఒక్క జంట కారు. పదిమంది జీవితాల్లోంచి ఒక్కో ముక్క తీసి కలిపాను.

ముందు ఒక అపోహ సంగతి. మీడియేషన్ అనగానే మనవాళ్ల మనసులో మెదిలేది పెద్దమనుషుల పంచాయితీ. రచ్చబండ లేకపోయినా, కులపెద్దో, ప్రెసిడెంటుగారో, మేనమామో మధ్యలో కూర్చుని రెండువైపులా విని "నువ్వు ఇంత ఇచ్చెయ్, నువ్వు ఇది ఒప్పుకో" అని తీర్పు చెప్పడం. అందుకే మా గదిలోకి వచ్చినవాళ్లు కూర్చోగానే తప్పు ఎవరిదో నిరూపించడం మొదలుపెడతారు. "మేడమ్, మీరే చెప్పండి, ఏ ఆడపిల్లయినా భరిస్తుందా?" అని ఒకరు. "లాయరమ్మగారూ, మీకూ పిల్లలున్నారు, న్యాయం చెప్పండి" అని ఇంకొకరి నాన్న. నేను న్యాయం చెప్పను. చెప్పే అధికారం నాకు లేదు. ఎవరిది తప్పో తేల్చను, ఎంత ఇవ్వాలో నిర్ణయించను, ఒప్పుకోమని బలవంతపెట్టను. మీరిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చేలా మాట్లాడించడం వరకే నా పని. కుదిరితే రాసుకుంటాం. కుదరకపోతే "కుదరలేదు" అని ఒక్క మాట కోర్టుకు రాస్తాను. ఎందుకు కుదరలేదో, ఎవరు మొండికేశారో రాయను. అలా రాయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే ఒక కేసులో స్పష్టం చేసింది. మీరు ఆ గదిలో "పోనీ పది లక్షలకి ఒప్పుకుంటాను" అన్న మాటను రేపు కోర్టులో మీ మీద వాడటానికి వీల్లేదు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం, లోపల జరిగేదాన్ని ఆడియో గానీ వీడియో గానీ రికార్డు చేయకూడదని కూడా రాసింది. కాబట్టి ఫోను స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టేయండి.

తీర్పు చెప్పేవాళ్లు లేనిచోట నిరూపణతో పని లేదు. అయినా ఎక్కువమంది నిరూపణకే సిద్ధపడి వస్తారు. పెళ్లిచూపుల నాటి నుంచి జరిగిన అవమానాలు తేదీలతో సహా చెప్పగలరు. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ఫైలు కట్టి తెస్తారు. అదే మనిషిని "వచ్చే జూన్‌లో పాప ఏ బళ్లో ఉంటుంది? ఫీజు ఎంత? ఎవరు కడతారు?" అని అడిగితే మాట రాదు. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు మీడియేషన్‌లు ఎక్కువగా ఆగిపోయేది కోపం వల్ల కాదు, ఈ జవాబు లేకపోవడం వల్ల. కోపం రెండో సిట్టింగుకి కొంత చల్లారుతుంది. లెక్క మాత్రం ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని వేస్తేనే తేలుతుంది.

లెక్కల్లోకి వెళ్లేముందు, భయంతో వస్తున్న ఆడవాళ్లకు ఒక మాట చెప్పాలి. కొట్టినవాడి ఎదురుగా కూర్చుని బేరమాడమని ఏ చట్టమూ మిమ్మల్ని నిర్బంధించదు. అతను ఎదురుగా ఉంటే నోరు పెగలదనుకుంటే, మొదటి సిట్టింగుకి ముందే మీ లాయరు ద్వారానో, సెంటరు సిబ్బందికో ఆ మాట చెప్పండి. విడివిడిగా కూర్చోబెడతాం. రావడానికి, వెళ్లడానికి వేర్వేరు సమయాలు ఇస్తాం. ప్రాణభయం ఉంటే అసలు ఇది మీడియేషన్‌కి తగిన కేసు కాదని కోర్టుకు చెప్పుకోవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181. "ఏదో ఒకటి సర్దుకుపో" అని దెబ్బలు తిన్న మనిషిని వెనక్కి పంపే మీడియేషన్ మీడియేషనే కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక డబ్బు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ప్రకారం, భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు వివరిస్తూ అఫిడవిట్ వేయాలి. ఆ అఫిడవిట్ నమూనా మీ లాయరు దగ్గర ఉంటుంది. కోర్టు అడిగేదాకా ఆగకుండా మీడియేషన్‌కి ముందే దాన్ని నింపండి. నింపుతుంటేనే మీకు తెలియనివి ఏమిటో బయటపడతాయి. అతని చేతికొచ్చే జీతం ఎంత, పీఎఫ్‌లో ఎంత ఉంది, మీ పేరున కడుతున్న చిట్టీ ఎవరు పాడుకున్నారు, మీరు సంతకం పెట్టిన పర్సనల్ లోను ఇంకా ఎంత మిగిలింది. ఇద్దరి జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపన్ను రిటర్నులు జిరాక్సు తీసి పెట్టుకోండి. పన్ను పోకముందు జీతం ఒకరు, పోయాక జీతం ఇంకొకరు చెప్పుకుంటూ ఒక పూటంతా వాదులాడిన వాళ్లున్నారు. ఇద్దరి అంకెలూ నిజమే. ఒకే అంకె గురించి మాట్లాడుకోవడం లేదంతే.

ఆ తరవాత తెల్లకాగితం మీద నెల ఖర్చు రాయండి. ఒకావిడ తెచ్చిన కాగితం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కూతురి నోటు పుస్తకంలోంచి చింపిన గీతల కాగితం. ఇంటి అద్దె 9,000. కరెంటు, గ్యాసు 2,000. పాలు, కూరలు, సరుకులు 9,500. స్కూలు ఫీజు ఏడాదికి 60,000, అంటే నెలకు 5,000. వ్యాను 1,500. ట్యూషను 1,000. పాప ఆయాసం మందులు 1,200. మొత్తం 29,200. దాని కింద తన జీతం 14,000 తీసేసి, మిగిలిన 15,200 చుట్టూ పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టింది. అంతకుముందు సిట్టింగులో వాళ్ల నాన్న నెలకు 40,000 అడిగారు, అవతలివాళ్లు 8,000 దగ్గర కదల్లేదు. రెండూ గాలిలోంచి తీసిన అంకెలే. ఈ కాగితం బల్ల మీద పెట్టాక ఆ భర్త చాలాసేపు చూసి, మందుల దగ్గర వేలు పెట్టి, "పాపకి ఆయాసం ఎప్పటినుంచి?" అని అడిగాడు. ఏడాదిన్నరగా బిడ్డని చూడలేదు, అతనికి తెలియదు. ఆ రోజు ఇన్‌హేలరు గురించి మొదలైన మాట, నెలకు 16,000, ఏటా అయిదు శాతం పెంపు దగ్గర ముగిసింది. పెద్ద ఆసుపత్రి ఖర్చు ఏదైనా వస్తే చెరి సగం అని కూడా రాసుకున్నారు. అడిగిన 40,000కి కారణం చూపించలేకపోయిన చోట 15,200కి ప్రతి రూపాయికీ కారణం ఉంది. అందుకే నిలబడింది.

ఏటా పెంపు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇప్పుడు అయిదో తరగతి చదివే పిల్ల ఇంటర్‌కి వచ్చేసరికి ఆ 16,000 ఏ మూలకీ రాదు. ఒకేసారి ఇచ్చే సొమ్ము, అంటే మనవాళ్లు లంప్‌సమ్ అనేది తీసుకుంటుంటే, అందులో భార్యకు ఎంత, పిల్లల పేరున ఎంత అని విడగొట్టి రాయించండి. పిల్లల భాగం వాళ్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయిస్తే ఇద్దరికీ నిశ్చింత.

ఫ్లాటు మీద గృహరుణం ఉంటే ఇంకాస్త ఓపిగ్గా తయారవ్వాలి. "ఫ్లాటు ఆమెకి, ఈఎంఐ నేను కడతాను" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కానీ బ్యాంకు మీ ఒప్పందంలో పార్టీ కాదు. లోను ఇద్దరి పేరునా ఉంటే ఇద్దరూ బాకీదార్లే. నాలుగేళ్ల తరవాత అతను కట్టడం మానేస్తే నోటీసు ఆమెకీ వస్తుంది, సిబిల్ స్కోరు ఆమెదీ పడిపోతుంది. కాబట్టి వచ్చేముందు బ్యాంకుకి వెళ్లి ఇంకా ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి. ఒకరి జీతం మీదే లోను కొనసాగించడానికి, రెండోవాళ్ల పేరు తీసేయడానికి బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో అడగండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఒకరి వాటా ఇంకొకరి పేరు మీదికి మార్చే దస్తావేజు రిజిస్ట్రేషను ఖర్చు ఎవరిదో అనుకోండి. ఫ్లాటు విలువ కట్టేటప్పుడు ఇచ్చేవాళ్లు మార్కెట్ ధర చెబుతారు, పుచ్చుకునేవాళ్లు రిజిస్ట్రేషన్ విలువ చెబుతారు. అదే అపార్టుమెంటులో ఈ మధ్య అమ్ముడైన ఫ్లాటు ధర కనుక్కుని వస్తే ఆ వాదం పది నిమిషాల్లో అయిపోతుంది.

బంగారం దగ్గర అయినంత రభస ఇంకెక్కడా కాదు. ఎందుకంటే అది సొమ్ము ఒక్కటే కాదు, అమ్మమ్మ చంద్రహారం, నాన్న అప్పుచేసి చేయించిన వడ్డాణం. ఒకసారి అబ్బాయివాళ్లది వరంగల్లు, అమ్మాయివాళ్లది మా తెనాలి వైపు. "నలభై పెట్టాం" అని వీళ్లంటారు. "అవును, నలభై అని మేమూ ఒప్పుకుంటున్నాం, కానీ అంత బరువు ఎక్కడ పెట్టారు?" అని వాళ్లంటారు. అరగంట తరవాత తెలిసింది, వీళ్లు చెప్పేది సవర్లు, వాళ్లు అనుకునేది తులాలు. సవర అంటే ఎనిమిది గ్రాములు. తులం ఇప్పటి బంగారు షాపుల లెక్కలో పది గ్రాములు. 320 గ్రాములకీ 400 గ్రాములకీ మధ్య ఉన్న ఆ 80 గ్రాముల కోసం రెండు కుటుంబాలు ఒకరినొకరు దొంగలనుకున్నాయి. అందుకని వస్తువు పేరు, బరువు గ్రాముల్లో, ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అనే నాలుగు గళ్లు గీసి రాయండి. బిల్లు ఉంటే జత చేయండి. లేకపోతే పెళ్లి ఆల్బమ్‌లో ఆ నగ కనబడే ఫోటో చాలు. తాకట్టులో ఉంటే రసీదు ఎవరి దగ్గరుందో రాయండి. లాకరు ఉంటే ఏ బ్యాంకు, ఎవరి పేరున, తాళం చెవి ఎక్కడ.

చట్టం మాట చెప్పాలంటే, పెళ్లిలో అమ్మాయికి ఇచ్చినవి ఆమె సొంతం. భర్తవీ కావు, అత్తమామలవీ కావు. 1985లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పసుపు కుంకుమ కింద ఆమె పేరున రాసిచ్చిన పొలమూ అంతే. ఇందులో రెండో వైపు కూడా ఉంది, దాన్ని పుట్టింటివాళ్లు వినిపించుకోరు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో కూతురు అమెరికాలో విడాకులు తీసుకుని, ఆస్తుల సంగతి అక్కడే తేల్చుకుంది. ఆ తరవాత తండ్రి ఇక్కడ ఆమె మాజీ అత్తమామల మీద నగలు తిరిగివ్వలేదని కేసు పెట్టాడు. స్త్రీధనం కూతురిది, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రికి అడిగే హక్కు లేదని 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. బల్ల దగ్గర కూర్చునే ప్రతి నాన్నకీ నేను ఈ కేసు చెబుతాను. ప్రేమతో పెట్టారు, కాదనను. కానీ ఏది అడగాలో, ఏది వదులుకోవాలో ఆమె నిర్ణయం.

నగల జాబితా కింద ఇంకో చిన్న జాబితా రాయండి. పదో తరగతి నుంచి డిగ్రీ వరకు సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, పాస్‌పోర్టు, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, టీకాల కార్డు. కోపంలో కట్టుబట్టలతో వచ్చేసిన అమ్మాయిలకు ఉద్యోగం వెతుక్కోవడానికి మొదట అడ్డం పడేవి ఇవే. వీటిని డబ్బుతో ముడిపెట్టకుండా మొదటి సిట్టింగులోనే అడగండి. ఎంత మొండివాళ్లయినా సర్టిఫికెట్లు ఇవ్వననడానికి సిగ్గుపడతారు. పైగా ఆ ఒక్కటి చేతులు మారితే తరవాతి మాటలకు దారి దొరుకుతుంది.

పిల్లల విషయంలో "కస్టడీ నాదే" అనే మాట దగ్గరే జనం ఆగిపోతారు. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతుంది. ఆ పైన ఏదైనా బిడ్డ క్షేమమే కొలబద్ద. కానీ బిడ్డ బతుకు నడిచేది క్యాలెండరు మీద. ఆ క్యాలెండరు తీసుకుని రండి. ప్రతి నెలా రెండో, నాలుగో ఆదివారాలు నాన్న దగ్గరా? పొద్దున ఎన్నింటికి, ఎక్కడ అప్పగించాలి? అమ్మమ్మ ఇంటి గుమ్మంలోనా, ఇద్దరికీ ఇబ్బంది లేని గుడి దగ్గరా? సంక్రాంతి ఒక ఏడు అమ్మవైపు, ఒక ఏడు నాన్నవైపా? దసరా సెలవులు సగం సగమా? నాన్నది తెలంగాణ అయితే, అక్కడ నానమ్మ బతుకమ్మ నాటికి మనవరాలు కావాలంటుంది. ఆ మాట నోరు తెరిచి అడగండి, చాలామంది తల్లులు ఒప్పుకోవడం చూశాను. వేసవి సెలవులు ఎన్ని వారాలు, బడి తెరిచే జూన్ రెండో వారానికి ఎన్ని రోజుల ముందు తిరిగి పంపాలి? ఫోను రోజూనా, వారానికి మూడుసార్లా, ఏ టైముకి? పిల్లాడు ఇంటర్ హాస్టల్లో ఉంటే ఔటింగ్ రోజున ఎవరు వెళతారు? కాలేజీవాళ్లు ఇచ్చేది ఒక్క పూట, ఇద్దరూ గేటు దగ్గర ఎదురుపడితే ఆ పిల్లాడి గతేమిటి? పాస్‌పోర్టుకి మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతీ అడుగుతారు, రేపు అవసరమైతే సంతకం పెడతానని ఇప్పుడే రాసుకోండి. స్కూలు రికార్డుల్లో, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న పేరు ఉంటుందని, పేరెంట్స్ మీటింగుకి ఆయనా రావచ్చని కూడా.

పిల్లల్ని మాత్రం ఆ గదికి తీసుకురావద్దు. "మీ నాన్నకి నువ్వే చెప్పు, ఎవరి దగ్గర ఉంటావో" అని ఏడేళ్ల బిడ్డని మధ్యలో నిలబెట్టడం కన్నా క్రూరత్వం నాకు తెలియదు. బిడ్డ మనసు తెలుసుకోవలసి వస్తే కోర్టు కౌన్సెలరు ద్వారా, జడ్జిగారి ఛాంబరులో జరుగుతుంది.

పిల్లల పట్ల ఎంత జాగ్రత్తో పెద్దల పట్లా అంతే జాగ్రత్త కావాలి. మన పెళ్లిళ్లు రెండు కుటుంబాలవి కాబట్టి విడాకులకీ రెండు ఆటోల జనం వస్తారు. మేము లోపలికి రమ్మనేది భార్యాభర్తల్ని, అవసరమైతే లాయర్లని. అయినా ఒప్పందం దగ్గరపడే సమయానికి అమ్మాయో అబ్బాయో "ఒక్క నిమిషం మేడమ్, బయట మామయ్యని అడిగి వస్తా" అని లేచి వెళతారు. తిరిగొచ్చేసరికి మొత్తం తలకిందులు. అంచేత ఇంట్లోనే ఒక రాత్రి కూర్చుని పెద్దలతో మాట్లాడేసుకోండి. ఎంతవరకు దిగుతాను, దేని దగ్గర ఆగుతాను, ఆపైన నిర్ణయం నాది అని చెప్పండి. నిజంగా నాన్న డబ్బే ఇవ్వవలసి వస్తే, అంటే ఇచ్చే సొమ్ము ఆయన పొలం అమ్మి తెచ్చేదే అయితే, ఆయన్ని ఆ ఒక్క చర్చకి పిలుస్తాం. ముందుగా చెప్పండి చాలు.

గదిలో ఏం జరుగుతుందంటే, మొదట ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి పద్ధతి చెబుతాం. ఇద్దరూ మాట్లాడాక విడివిడిగా పిలుస్తాం. విడిగా ఉన్నప్పుడు మీరు "ఇది అవతలివాళ్లకి చెప్పొద్దు" అంటే చెప్పం. నా అనుభవంలో అసలు సంగతి బయటపడేది అక్కడే. ఒకాయన ఎనిమిది లక్షల దగ్గర బిగుసుకుని కూర్చున్నది పిసినారితనంతో కాదు, చెల్లెలి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు, ఆ మాట భార్య ముందు అనడానికి అభిమానం అడ్డొచ్చింది. విడతల్లో అయితే పన్నెండు ఇవ్వగలిగాడు. ఇదంతా ఒక్క రోజులో తేలదు, నాలుగైదు సిట్టింగులకు సెలవు పెట్టుకునేలా ఆఫీసులో చెప్పి ఉంచండి. కోర్టు ద్వారా వచ్చినవాళ్లు మీడియేటరుకి ఫీజు ఇవ్వనక్కర్లేదు. మీడియేషన్ అంటే విడగొట్టడమే అని కూడా అనుకోవద్దు, కలిసి ఉండటానికి షరతులు రాసుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు హిందువులకే పరిమితం కాదు, క్రైస్తవులకు, ముస్లింలకు, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లాడినవాళ్లకు వాళ్ల వాళ్ల దారులున్నాయి.

ఒప్పందం కుదిరాక అమలు క్రమం గురించి కూడా ముందే లాయరుతో మాట్లాడి రండి. హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ కలిసి వేసే పిటిషనుకి కనీసం ఏడాది వేరుగా ఉండి ఉండాలి. మొదటి దశ అయ్యాక ఆరు నెలలు ఆగి రెండో దశ. ఏడాదిన్నరకు పైగా విడిగా ఉన్నవాళ్లు, భరణం, పిల్లలు అన్నీ తేల్చుకున్నవాళ్లు ఆ ఆరు నెలలు మినహాయించమని అడగొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకునే వీలుందని 1991 నాటి తీర్పు. ఈ భయం రెండువైపులా ఉంటుంది. డబ్బంతా ముందే ఇచ్చేస్తే ఆమె సంతకం పెట్టదేమోనని అతనికి, సంతకం పెట్టేస్తే అతను డబ్బు ఇవ్వడేమోనని ఆమెకి. అందుకే మేము సొమ్ముని దశలకు కడతాం. ఒక భాగం మొదటి దశ పిటిషను రోజున, ఒక భాగం రెండో దశలో, చివరిది మిగిలిన కేసులు ముగిసిన రోజున. చెక్కు కాకుండా డీడీ, కోర్టు ముందు. గృహహింస కేసు, భరణం కేసు, 498ఏ కేసు (ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను) ఏవేవి నడుస్తున్నాయో నంబర్లతో జాబితా తెండి. 498ఏ మీరిద్దరూ చేయి కలిపినంత మాత్రాన పోదు. కోర్టు అనుమతితో రాజీ కావడమో, హైకోర్టులో కొట్టేయించుకోవడమో జరగాలి. ఆ పిటిషను ఎవరు వేస్తారు, ఎన్ని రోజుల్లో, హైకోర్టు లాయరు ఖర్చు ఎవరిది, ఇవన్నీ కాగితం మీదికి రావాలి.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో, భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకుల డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, విడాకులిచ్చిన కారణం మన చట్టంలో లేదు. కాబట్టి అక్కడ విడిపోతున్నా, ఇక్కడా చెల్లేలా ఎలా చేయాలో ముందు సలహా తీసుకోండి. ఇక్కడికి రాలేని వాళ్లు వీడియోలో పాల్గొనే వీలు గురించి, పవరాఫ్ అటార్నీ గురించి మొదటి వాయిదాకే లాయరు చేత అడిగించండి.

చివరగా, సంతకం. ఒప్పంద పత్రం చాలాచోట్ల ఇంగ్లీషులోనే టైపు చేస్తారు. అలసిపోయి ఉంటారు, సాయంత్రం అయిదు దాటి ఉంటుంది, బయట అమ్మ ఎదురుచూస్తుంటుంది, "ఎక్కడ పెట్టాలి మేడమ్?" అని పెన్ను తీసేస్తారు. దయచేసి అలా చేయకండి. ప్రతి పేరా తెలుగులో చదివి చెప్పమని మీడియేటరుని అడగండి, అది మా విధి. అర్థం కాని మాట ఉంటే మార్పించండి. నామినీ పేర్లు పీఎఫ్‌లో, ఇన్సూరెన్సులో మార్చుకునే సంగతి మర్చిపోలేదు కదా చూసుకోండి. ఆ పత్రం ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి ఉంచుకుని, మీ లాయరుకి చూపించి, మర్నాడు వచ్చి సంతకం పెడతానంటే మేమెవరం అభ్యంతరం చెప్పం. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోను చేయండి.